పాత కారు, కొత్త కారు, మా ఆయన చెవులు

డిసెంబరు 3, బుధవారం

ఈ పుస్తకం భవ్య ఇచ్చింది. భవ్య నా కూతురు స్వర్ణలత బిడ్డ. బెంగళూరులో పెద్దవాళ్ళ కార్లు బాగుచేసే గ్యారేజీలో మెకానిక్కు. దినానికి పదిసార్లు ఫోన్ చేసి తిన్నావా, గ్యాసు కట్టేసినావా, హెల్మెట్ పెట్టుకున్నావా అంటానని దానికి విసుగు. అవ్వా, తొమ్మిదిసార్లు ఈ పుస్తకానికి సెప్పు, ఒక్కసారి నాకు సెప్పు అంది. నాది రాత్రి బడి చదువు. ఒత్తులు తప్పుతాయి. ఎవరు చూడొచ్చారులే.

రాయాల్సిన భయం ఒకటుంది. మా ఆయనకు కళ్ళు కనపడవు. రెండేళ్ళయింది. ఎవరికీ తెలియదు. చెప్పనని నా చేత ఆవు వీపు మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

ఇది చెప్పడం కాదు. రాయడమే. ఆవుకు కోపం రాదనుకుంటాను.

డిసెంబరు 5, శుక్రవారం

మాది కొండ కింద ఊరు. హార్సిలీ కొండ దిగే రోడ్డు మా ఇంటి ముందు నుంచే మదనపల్లె వైపు పోతుంది. రోడ్డుకు ఇవతల మా కొట్టం, అవతల మా బీడు. ఆరు పుంగనూరు ఆవులు. పొట్టివి, నా నడుమెత్తు కూడా ఉండవు. తెల్లారగానే ఆయన వాటిని దాటిస్తాడు. చెవులతో దాటిస్తాడు. టమాటా లారీ ఇంకా వాగు దగ్గరుండగానే చెప్పేస్తాడు. కొండ బస్సు, పాల ఆటో, పక్కింటి చౌడమ్మ కొడుకు మోటారుసైకిలు, దేని గొంతు దానిదే. చప్పుడు లేదంటే రోడ్డు ఖాళీ. పదవే గౌరీ, లెయ్యే లచ్చీ అంటాడు. ఆరూ దాటేస్తాయి. చెంగయ్యను సూడు, డెబ్బై దాటినా కట్టె లేకుండా ఎట్ల నడస్తాండాడో అని ఊరంతా మెచ్చుకుంటుంది.

నేను పేడ తట్ట పట్టుకుని వెనకే పోతాను. పేడ కోసం కాదు. ఈమధ్య కరెంటు స్కూటర్లు వచ్చాయి. వాటికి గొంతు లేదు. అలాంటిది వస్తే ఒకసారి దగ్గుతాను. ఒక దగ్గు అంటే నిలబడు. రెండు దగ్గులంటే పో. ఇద్దరం కూర్చుని అనుకున్నది కాదు. అలా కుదిరిపోయింది. చౌడమ్మ మాత్రం ఊరుకోదు. ఏం బయ్యక్కా, రెండేండ్ల నుంచి తగ్గని దగ్గేందిమే, ఎక్స్‌రే తీపిచ్చుకోరాదా అంటుంది.

కంట్లో పొర అంతే. తీస్తే పోతుంది. కానీ ఆయన అన్న మారప్ప బావ పొర తీయించుకుని మూడో దినమే పేడకళ్ళు ఎత్తాడు. అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఆ కన్ను పోయింది. ఆవులున్నోనికి ఆపరేషన్ ఏందిమే అంటాడు ఈయన. కళ్ళు లేవని తెలిస్తే స్వర్ణలత ఆవుల్ని అమ్మేసి, తనను పుంగనూరులో వాళ్ళింటికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడుతుందని ఆయన భయం.

ఆయన భయం ఆయనది. నాది లారీ అంత.

డిసెంబరు 6, శనివారం

భవ్య మంగళవారం వస్తుందట. రెండు కార్లు తెస్తారట. ఒక కస్టమరుకు రెండూ ఉన్నాయట, ఒకే కంపెనీవి. పాతదానికి ఉత్త ఇంజినే. దాని తర్వాత వచ్చిన కొత్తదానికి ఇంజినూ ఉంది, బ్యాటరీ మోటార్లూ ఉన్నాయి. హైబ్రిడ్ అవ్వా అంది. హైబ్రిడ్ నాకు చెప్పాలా. పదిహేనేళ్ళుగా హైబ్రిడ్ టమాటానే నాటుతున్నాం. రెంటినీ మా కొండ మీద నడిపి చూసి, ఏది ఉంచుకోవాలో ఏది అమ్మాలో రిపోర్టు రాయాలట. రాసేది భవ్యే. వాళ్ళ గ్యారేజీ ఓనరు వెంకటేష్ సారు కూడా వస్తాడు.

బ్యాటరీ మీద నడిస్తే చప్పుడు ఉంటుందా అని అడిగాను. అస్సలుండదవ్వా, పిల్లి మాదిరి పోతాది అంది సంబరంగా.

రాత్రి ముద్ద దిగలేదు.

డిసెంబరు 7, ఆదివారం

కల. బూడిద రంగుది ఏదో మా వాకిట్లోంచి పోయింది. ఆవులు తల కూడా తిప్పలేదు. ముగ్గు చెదరలేదు.

డిసెంబరు 9, మంగళవారం

వచ్చారు. పాతది పసుపు. కొత్తది నిజంగానే బూడిద రంగు. నా కల ఎవరు చూశారో.

రెండూ నేలకు కరుచుకుని ఉన్నాయి. పడుకున్న ఆవుల ఎత్తు. ఊరు ఊరంతా చేరింది. చౌడమ్మ లోపలికి తొంగి చూసి, ఇంత దుడ్డు పోసి రెండే సీట్లా, పెండ్లాం మొగుడు ఎక్కితే అత్త యాడ కూర్చుంటాది అని అడిగింది. అత్త రాకూడదనే కదమ్మా కొనేది అన్నాడు వెంకటేష్ సారు. పొద్దున నుంచి అందరూ అదే చెప్పుకుని నవ్వుతున్నారు.

మా ఆయన అరుగు మీదే ఉన్నాడు. దగ్గరికి రాలేదు. బాగుండాయి బాగుండాయి, పసుపుది ఇంకా బాగుండాది అన్నాడు. పసుపు అని ఎవరో అనగా విని ఉంటాడు. వాళ్ళు కొండ మీద గెస్టుహౌసులో దిగారు.

డిసెంబరు 10, బుధవారం

పాతదాంట్లో ఎక్కాను. నేనా అని నాకే నమ్మకం లేదు. వద్దు వద్దు అంటుండగానే భవ్య బెల్టు వేసేసింది.

స్టార్టు చేస్తే నా పుస్తెలు వణికాయి. చప్పుడు చెవుల్లోకి రాదు, కడుపులోకి వస్తుంది. మలుపు మలుపుకూ దాని గొంతు మారుతుంది. ఎక్కేటప్పుడు తిట్టుకుంటుంది, దిగేటప్పుడు గొణుక్కుంటుంది. మా అత్త గుర్తొచ్చింది. ఆవిడ కూడా వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చేది. ఆవిడ వచ్చేలోగా పొయ్యి వెలిగించి, చెంగు సర్దుకుని, ఏడుస్తుంటే కళ్ళు తుడుచుకోవడానికి కూడా టైము ఉండేది. అరిచేవాళ్ళతో ఆ సుఖం ఉంది.

దిగి వచ్చేసరికి ఆయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. రెండో మలుపు నుంచి ఇంటాండాను, నాలుగో మలుపులో గేరు తగ్గించినావు కదా పాపా అన్నాడు. భవ్య నోరు తెరిచింది. తాతా, నువ్వు మా గ్యారేజీలో చేరిపో అంది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. అట్లాంటి బండ్లయితే ఎన్నొచ్చినా నాకు బయం లేదు అన్నాడు. భవ్యకు అర్థం కాలేదు. నాకు అయింది.

డిసెంబరు 11, గురువారం

భవ్యను పెరట్లోకి పిలిచి, కొత్తదాన్ని ఊళ్ళోకి తెచ్చేటప్పుడు హారన్ కొట్టు తల్లీ అన్నాను. యాలవ్వా అంది. ఆవులుండాయి కదా అన్నాను. ఆవులకు కండ్లుండాయి కదవ్వా అంది.

ఆవు మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది.

మాట మార్చి, రెంటిలో ఏది మంచిది అని అడిగాను. అది రాగిముద్ద తింటూ చెప్పుకుంటూ పోయింది. పాతదానికి పది సిలిండర్లు, కొత్తదానికి ఎనిమిదే, కానీ టర్బోలు రెండు, మోటార్లు మూడు. బలం పాతదానికంటే చాలా ఎక్కువ. బరువూ ఎక్కువే, రెండు మూడు మన ఆవుల బరువు ఎక్కువ. అయినా మలుపులో ఆ బరువు తెలియనివ్వదట. నువ్వు తప్పు చేసినా అదే సర్దుకుంటాదవ్వా, పాతది సర్దుకోదు, తప్పు చేస్తాండావని ముందే సెప్తాది అంది. నాటు టమాటా, హైబ్రిడ్ టమాటా గుర్తొచ్చాయి. నాటుది పులుసుకు బాగుంటుంది, మదనపల్లె మార్కెట్టు చేరేలోగా చితికిపోతుంది. హైబ్రిడ్‌ది ఎంత దూరమైనా పోతుంది, కొరికితే ఏమీ చెప్పదు.

రేపు తెల్లవారి కొత్తదాన్ని బ్యాటరీ మీద కొండ దించి చూడాలట. రా అవ్వా, ఖాళీగా ఉంటాది రోడ్డు అంది. వెంటనే సరే అన్నాను. నేను లోపలుంటే దాన్ని మెల్లగా పోనిస్తాను, హారన్ కొట్టిస్తాను. నా ఉపాయం అది.

నేనొచ్చేదంకా ఆవుల్ని ఇడవద్దు అని ఆయనకు చెప్పాను. ఊఁ అన్నాడు.

డిసెంబరు 12, శుక్రవారం

రాయలేననుకున్నాను. అయినా రాస్తాను. దీనికి తప్ప దేనికి చెప్పను.

ఇంజిను మీద పైకి ఎక్కాం. కొండ పైన నిలబడి చూస్తే కింద ఊళ్ళు లేవు, రోడ్డు లేదు, చేను లేదు. అంతా మంచు. పాలు పొంగి కొండ అంచుదాకా వచ్చి ఆగినట్టు ఉంది. భవ్య ఏదో నొక్కింది. ఇంజిను ఆగిపోయింది. కారు ఆగలేదు.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఎవరో నన్ను ఎత్తుకుని మంచులోకి దిగుతున్నారు. నా గాజుల చప్పుడు నాకు వినపడింది. నీలగిరి ఆకు ఒకటి అద్దం మీద పడితే అదీ వినపడింది. మలుపులు మెత్తగా వచ్చి మెత్తగా పోతున్నాయి. చెట్లు మా దగ్గరికి వచ్చి, చూసి, వెనక్కి తగ్గుతున్నాయి. దిగేటప్పుడు బ్యాటరీ తనంతట తనే నిండుతాదవ్వా అంది భవ్య. అది కూడా గుసగుసగానే అంది. నాలో ఉన్న భయమేదో పైన మలుపులోనే దిగి వెనకబడిపోయింది. రెండేళ్ళలో నాకు అలాంటి గడియ రాలేదు. హారన్ కొట్టమని చెప్పడం మరిచిపోయాను. ఆ ఒక్క పని కోసమే ఎక్కినదాన్ని, మరిచిపోయాను.

ఆఖరి మలుపు తిరిగాం. మంచులో తెల్లటి ముద్దలు కనపడ్డాయి. ఒకటి, రెండు. మూడోది గౌరి. గౌరి వెనక ఎర్ర తువ్వాలు.

ఆయన నడిరోడ్డులో నిలబడి చెవి కొండవైపు పెట్టి వింటున్నాడు. అంటే మా వైపే. ముఖం సూటిగా మా వైపే ఉంది. ఏమీ వినపడలేదు కాబట్టి చేయి ఎత్తి మిగతావాటిని రమ్మన్నాడు.

నేను దగ్గాను.

అద్దాలు మూసి ఉన్నాయి. అయినా దగ్గాను. ఒక దగ్గు. నిలబడు అని. ఆయన నిలబడలేదు. మళ్ళీ దగ్గాను. కేక వేయాలని తోచలేదు, హారన్ తోచలేదు, భవ్యా అని కూడా నోటికి రాలేదు. దగ్గొక్కటే వచ్చింది.

బెల్టు రొమ్ము మీద కోసుకుపోయింది. కారు ఆగింది. గౌరి తోకకూ కారు మూతికీ జానెడు.

ఆయనకు ఏమీ తెలియలేదు. వెనక్కి తిరిగి వస్తూ కారు మీద చేయి వేశాడు. మంచుకు తడిసి చల్లగా ఉండి ఉంటుంది. ఏమే లచ్చీ, నడిరోడ్డులో పండుకున్నావా, లెయ్యే అన్నాడు. రెండు దెబ్బలు తట్టాడు. మోకాలితో నెట్టాడు. గడ్డి తిన్నావా సిమెంటు తిన్నావా, యాల కదలవే అని తిట్టాడు. భవ్య పగలబడి నవ్వింది. తాత ఎగతాళి చేస్తున్నాడనుకుంది. ఆయన తడుముకుంటూ అద్దం దాకా వచ్చి వంగాడు. ఆయన ముఖానికీ భవ్య ముఖానికీ మధ్య ఒక్క అద్దం. ఆయన కళ్ళు దాని మీదుగా, ఎవరూ లేని చోటు మీదుగా పోయినట్టు, పోయాయి.

భవ్య నవ్వు ఆగిపోయింది.

అవ్వా, తాతకు, అంది. నేను ఇంకోసారి దగ్గాను. ఎందుకో తెలియదు. యాలవ్వా దగ్గుతాండావు, యాల దగ్గుతాండావు అని అది ఏడుస్తూ అరిచింది.

తలుపు తీసుకుని దిగాను. పడుకున్న లచ్చి కడుపులోంచి నా గాజుల చప్పుడు వచ్చిందేమో ఆయనకు. గబుక్కున చేయి తీసేసుకున్నాడు. బయ్యమ్మా అన్నాడు. యాభై ఏళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

డిసెంబరు 12, సాయంత్రం

లచ్చి ఇంకా కొట్టంలోనే ఉండింది. ఈ దినం దాన్ని విడవనే లేదట.

డిసెంబరు 13, శనివారం

 ఆయన ఒట్టు తప్పినావు అన్నాడు. నేను చెప్పలేదయ్యా, దగ్గాను అంతే అన్నాను. దగ్గే సెప్పింది అన్నాడు. స్వర్ణలతకు భవ్య ఫోన్ చేసేసింది. కూతురు పుంగనూరు నుంచి ఫోన్‌లో ఒకటే ఏడుపు. రెండేండ్లు నాకు సెప్పకుండా ఎట్లుండావమ్మా, నువ్వు కూడా అంది. ఆ నువ్వు కూడా అన్నది మూడు ఫోన్లలోనూ అంది.

ఆవులు కొట్టంలోనే ఉన్నాయి. చొప్ప నేనే వేశాను. రోడ్డు మీద ఏ బండి పోయినా ఆయన పేరు చెప్పడం లేదు.

డిసెంబరు 15, సోమవారం

వాళ్ళు నిన్న పోయారు. భవ్య రిపోర్టు రాసి ఫోన్‌లో చదివి వినిపించింది. కొత్తది అన్నింటిలో ముందుందట. వేగం, బ్రేకు, మలుపు. పాతది పాటలాంటిదట, కానీ ఆ తడిరోడ్డు మీద ఆ దూరంలో పాతది ఆగి ఉండేది కాదేమో అని రాసిందట. నేను రెండుసార్లు చదివించుకున్నాను. పాతదైతే ఆయన ముందే విని ఉండేవాడు, ఆగాల్సిన పనే ఉండేది కాదు అన్నాను. అదీ రాసినానవ్వా అంది. ఊళ్ళల్లో బ్యాటరీ మీద నడపకూడదని కూడా రాసిందట. వెంకటేష్ సారు చదివి, ఇది కారు రిపోర్టా, పశువుల డాక్టరు రిపోర్టా అన్నాడట. అయినా అలాగే పంపించాడట. కస్టమరు కొత్తది ఉంచుకుంటాడు. పాతది మద్రాసు వాళ్ళెవరికో పోతుంది.

అంత గొంతున్నది మద్రాసు రద్దీలో ఏం చేస్తుందో పాపం.

డిసెంబరు 16, మంగళవారం

పాలు పితుకుతూ, నా వైపు తిరగకుండా అడిగాడు. నువ్వు లోపలుండి నిజంగా దగ్గినావా అని.

దగ్గాను అన్నాను.

ఎన్నిసార్లు?

మూడు.

ఆఖరి చుక్క దాకా పితికాడు. తర్వాత అన్నాడు. నీ దగ్గు ఇనపడకపోతే ఇంక నేను దేన్ని నమ్ముకోని దాటేది, కుప్పం ఆసుపత్రికి పోదాం.

లేచి పోయేటప్పుడు చెంబు నా చేతికి ఇవ్వబోయి గాలికి ఇచ్చాడు. పట్టుకున్నాను.

డిసెంబరు 22, సోమవారం. కుప్పం

ఇక్కడి పెద్దాసుపత్రిలో వరండా. రేపు కుడికన్ను. పంజరంలాంటి పెద్ద లిఫ్టు. పరీక్షలకని నర్సు అందులో ఆయన్ని ఒక్కడినే తీసుకుపోయింది, నన్ను ఎక్కనివ్వలేదు. భయాల లిస్టు రాద్దామని కూర్చున్నాను. పదిహేడు వచ్చాయి. కరెంటు పోతే. డాక్టరమ్మకు తుమ్ము వస్తే. ఆయన మధ్యలో లేచి ఆవులేవీ అంటే. పక్కన రామకుప్పం నుంచి వచ్చినామె, ఏనుగులు చేలో పడతాయని రాత్రంతా మేలుకుని మేలుకుని మొగుడి కళ్ళు పోయాయి అంటోంది. మేలుకుంటే పోతాయా అని అడిగాను. ఏమో తల్లీ, నిద్రపోయినా పోతాయి అంది.

పద్దెనిమిది అయ్యాయి.

డిసెంబరు 24, బుధవారం. కుప్పం

కట్టు విప్పారు. ఆయన ముందు ఫ్యాను చూశాడు, తర్వాత డాక్టరమ్మ చేతి గడియారం చూశాడు, తర్వాత నన్ను. చాలాసేపు చూశాడు.

ఇంత చిన్నగా అయిపోయినావేమే అన్నాడు. ఆ దగ్గు ఇంటాంటే ఇంకా పెద్ద మనిషి వెనక ఉండాదనుకుంటి అన్నాడు.

నేను పోయి బాత్‌రూమ్‌లో ఏడ్చి వచ్చాను. ఎర్రకళ్ళు ఆయనకు కనపడతాయని ఇప్పుడు అదొకటి.

జనవరి 9, శుక్రవారం. పుంగనూరు

నలభై దినాలు ఆవుల దగ్గరికి పోకూడదు. మారప్ప బావ సంగతి చెబితే డాక్టరమ్మ కూడా అదే అంది. అందుకే స్వర్ణలత ఇంట్లో, మేడ మీద ఉన్నాం. నాలుగు పూటలా చుక్కలు. ఒక చుక్క ఎక్కువ పడిందేమోనని నాకు, తక్కువ పడిందేమోనని స్వర్ణలతకు. ఆయన నల్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఏ బండి వచ్చినా మొదట కళ్ళు మూసుకుని పేరు చెబుతాడు, తర్వాత తెరిచి చూస్తాడు. తప్పు పోతే గొణుక్కుంటాడు.

ఆవుల్ని చౌడమ్మ చూస్తోంది. కూతురు అమ్ముదాం అనే మాట ఒక్కసారే ఎత్తింది. ఆయన అద్దాలు తీసి దాన్ని చూశాడు. మళ్ళీ ఎత్తలేదు. నిన్న చౌడమ్మ ఫోన్ చేసి, గౌరి పాలు తగ్గించింది, బావ గొంతు ఇనిపించక్కా అంది. ఆయన ఫోన్ తీసుకుని, ఏమే గౌరీ, వేషాలేస్తాండావా అన్నాడు. అవతల నుంచి అంబా అని వచ్చింది. పాల సంగతి తెలియదు గానీ, ఈయన అప్పటి నుంచి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

జనవరి 20, మంగళవారం

కల. కారులో ఉన్నాను. మంచు. నడిపేవాళ్ళు లేరు. దగ్గు రాలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం, తెల్లవారి ఆరు

మా ఊరు. మంచు. ఆరు ఆవులు దాటేశాయి. ఆయన వెనక్కి వచ్చి నా చేతిలోంచి పేడ తట్ట తీసుకుని కింద పెట్టాడు. కొండవైపు చూశాడు, మదనపల్లె వైపు చూశాడు. ఏమీ లేదు, రా అన్నాడు. చేయి పట్టుకున్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

ఆ రోడ్డు ఇంత వెడల్పని నాకు తెలియదు. ఇంకా దాటుతూనే ఉన్నట్టుంది.